ప్రమాణబద్ధుడైన వ్రాయసకాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో మాటలాడవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను లెక్కలు వ్రాయువాడనే గాని ఉపన్యాసకుడను గానని మనవి చేసికొంటిని. "25 ఏండ్లుగా ఇక్కడి పుస్తకములు చదువుచున్నారు గదా, చదివినదే చెప్పుడు" అని వారు నన్ను విడువలేదు. కావున చదివినదే చెప్పెదను.

నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. మా తండ్రిగారు ఈ యూరి కరణము. 1984లో కరణీకములు రద్దయినప్పుడు నేను బాలుడను. అటుపై మా యింట మిగిలినవి కొన్ని పాత కాగితములు, అటకమీద భారతము. ఆ భారతమును, తరువాత ఈ గ్రంథాలయమున దొరకిన కావ్యములను, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని నాకు నేనే చదువుకొంటిని. ఇప్పుడు సహకార సంఘమున లెక్కలు వ్రాయుచున్నాను. తరము మారినను మా చేతి కలము మారలేదు. అందుచేతనే నేటి ప్రసంగమునకు ఒక వ్రాయసకాని కథను ఎన్నుకొంటిని. ఆ కథ మన దేశముది కాదు; ఉత్తరధ్రువమునకు సమీపముననున్న నార్వే దేశముది. మన యూరి ఉపాధ్యాయుని కుమార్తె యొకతె ఉద్యోగరీత్యా ఆ దేశమున నున్నది. ఆమె సెలవులకు వచ్చినప్పుడు ఆ దేశపు పల్లె న్యాయస్థానముల చరిత్రను గూర్చిన ఆంగ్లగ్రంథములు రెండు మన గ్రంథాలయమునకు బహూకరించినది. నిరుడు వేసవియంతయు వానితోడనే నాకు గడచినది.

నార్వే పల్లెలలో న్యాయస్థానమునకు "తింగ్" అని పేరు. తింగ్ అనగా సభ. వేయి సంవత్సరములకు పూర్వమే అచ్చటి స్వతంత్రులైన రైతులు బయలున గుమిగూడి తమ తగవులు తామే తీర్చుకొనుచుండిరి. అట్టి చిన్న సభలపైన ప్రాంతీయ మహాసభలుండెను. పడమటి తీరమున గులాతింగ్, నడిమి సీమలో ఫ్రోస్తాతింగ్ అనునవి వానిలో పేరుమోసినవి. తొలుత న్యాయము పుస్తకములలో లేదు. పెద్దల జ్ఞాపకమున నుండెను. సభలో నొకరు విధిని చదివినట్లు చెప్పుదురు, తక్కినవారు విందురు, అవునందురు. అందరు విన్నదే శాసనము.

1274లో మాగ్నుస్ అను రాజు ప్రాంతమునకొక తీరుగా నున్న విధులను సవరించి, రాజ్యమంతటికి ఒకే ధర్మశాస్త్రమును ఏర్పరచెను. ఆ కారణముననే ఆయనకు "శాసనములను సవరించినవాడు" అను బిరుదు కలిగినది. అందులో నాకు ముచ్చటగొలిపిన విషయమొకటి గలదు. ఆ గ్రంథము పండితుల లాటిను భాషలో గాక ప్రజలు మాటలాడు దేశభాషలో వ్రాయబడినది. ఆ శతాబ్దముననే మన కేతన మితాక్షరను తెనిగించి విజ్ఞానేశ్వరీయమను పేరిట ధర్మశాస్త్రమును తెలుగువారి చేత నుంచెను. ఇరువురకును ఒకరి మాట ఒకరికి తెలియు దారి లేదు. ఐనను శాసనము ఎవరి తలపై నుండునో వారి భాషలో నుండవలయునను బుద్ధి ఇరుచోట్లను ఒకే కాలమున పుట్టినది.

తరువాత నార్వే దేశము డెన్మార్కు రాజుల యేలుబడిలోనికి పోయెను. పాత దేశభాష మారిపోయి, ప్రాచీన శాసనము చదువరులకు కొరుకుడు పడకుండెను. 1604లో దానిని డేనిషు భాషలోనికి మార్చి ప్రకటించిరి. కొలువు భాష, కాగితపు భాష అప్పటికే డేనిషు అయి యుండెను. ఇక్కడనే మన వ్రాయసకాడు ప్రవేశించుచున్నాడు.

1591లో రాజశాసనమువలన ప్రతి పల్లెసీమకు ఒక లేఖకుడు నియమింపబడెను. తింగ్‌లో తీర్పు చెప్పువారు ఊరి రైతులు. వారిలో వ్రాత వచ్చినవారు బహు తక్కువ. తీర్పును కాగితముమీద పెట్టుటకు ప్రమాణము చేసిన వ్రాయసకాడొకడు కావలసి వచ్చెను. అతనికి "సోరెన్‌స్క్రీవర్" అని పేరు. ఆ మాటకు ప్రమాణబద్ధుడైన వ్రాయసకాడనియే యర్థము. రైతులు పలుకుదురు, అతడు వ్రాయును. అంతకుమించి అతని కధికారము లేదు.

కాని సోదరులారా, కలము పట్టినవాని బలము క్రమముగా పెరుగును. సంగతి కరణముగారి కొడుకునకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. రైతు తాను నిరుడు చెప్పినది మరచును, పుస్తకము మరువదు. ఆ పుస్తకము చదువగలవాడొక్కడే. వివాదము వచ్చినప్పుడెల్ల "ఏమి వ్రాసియున్నది?" అని అతనినే అడుగవలెను. 1634 నాటికి వ్రాయసకాడు రైతులతో సమానముగా కూర్చుండి తీర్పు చెప్పువాడాయెను. 1687లో అయిదవ క్రిస్తియాన్ రాజు ప్రకటించిన శాసనముతో పెక్కు వ్యాజ్యములలో అతడొక్కడే న్యాయాధిపతి యయ్యెను. ప్రాణమునకు, పరువునకు సంబంధించిన కొన్ని వ్యవహారములలో దక్క, రైతులు సాక్షులుగా మాత్రమే మిగిలిరి. నూరేండ్లు నిండకమునుపే లేఖకుడు న్యాయాధిపతి యయ్యెను. విచిత్రమేమన నేటికిని ఆ దేశపు పల్లె న్యాయస్థానపు ప్రధాన న్యాయాధిపతి బిరుదము ఆ సోరెన్‌స్క్రీవరే. ఎంతటి పండితుడైనను అతడు పేరుకు వ్రాయసకాడే.

మన స్మృతికారులు ఈ ప్రమాదమును ముందే గుర్తెరిగిరి. దొంగలనుండి, దుర్మార్గులనుండి ప్రజలను కాపాడుట రాజధర్మమని చెప్పుచు, కాయస్థులనుండి, అనగా వ్రాయసగాండ్రనుండి మరింత శ్రద్ధగా కాపాడవలయునని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించెను. మొదటిసారి అది చదివినప్పుడు నాకు కోపము వచ్చినది. ఆ కోపము ఎట్లు పోయినదో పిదప చెప్పెదను.

ఆ తింగ్ పద్ధతులలో మన మెరుగదగిన మంచి పద్ధతి యొకటి గలదు. భూమి అమ్మినను, తాకట్టు పెట్టినను ఆ దస్తావేజును తింగ్ సభలో అందరికి వినబడునట్లు చదువవలెను. చదివిన పిదపనే పుస్తకమున ఎక్కించుట. నేటికిని వారి భాషలో రిజిస్ట్రేషనుకు "తింగ్‌లో చాటుట" అనియే పేరు. ఆ పని న్యాయస్థానముల చేతిలోనే యుండి, 2004 మొదలు 2007 వరకు అంచెలంచెలుగా దేశపు పటముల శాఖకు మారినది. చాటుట ఏనాడో ఆగిపోయినను మాట మిగిలినది. ఇరుగుపొరుగు వినగా చదివిన కాగితమునకు గల బలము గది తలుపులు మూసి చదివిన కాగితమునకు లేదు.

ఇంతవరకు చెప్పినది ఆ దేశమునకంతటికి వర్తించును. ఇక ఒక్క సీమను, ఒక్క న్యాయస్థానమును చూపెదను. నార్వే ఉత్తరపు కొనను ఫిన్‌మార్క్ అను సీమ గలదు. చలికాలమున వారముల తరబడి సూర్యుడుదయింపడు, వేసవిలో అస్తమింపడు. అచ్చట తానా అను పెద్ద నది ప్రవహించును. ఆ సీమకు ఆదినుండియు నున్నవారు సామీ జాతివారు. రెయిన్‌డీరు అను దుప్పుల మందలను మేపుచు, చేపలు పట్టుచు జీవింతురు. వారి భాషకు నార్వే భాషతో చుట్టరికము లేదు. ఆ సీమకును సోరెన్‌స్క్రీవరు వచ్చెను, పుస్తకము తెచ్చెను. ఆ పుస్తకములోని భాష సామీలది కాదు.

17వ శతాబ్దమున ఆ సీమలో చేతబడి నేరముమీద వరుసగా విచారణలు జరిగినవి. మరణించినవారు 91 మంది. వారిలో 77 మంది స్త్రీలు. 1692లో వాద్సో అను ఊర ఒక వృద్ధ సామీని విచారించిరి. అతని పేరు అండెర్స్ పౌల్సెన్. సామీ భాషలో పోవల ఆందె. అతని నేరమేమన, బొమ్మలు వ్రాసిన ఒక డోలు కలిగియుండుట. ఆ డోలును వాయించి దేవతల నడుగుట వారి పూర్వుల ఆచారము. అతడు న్యాయస్థానము నెదుట ఒక్కొక్క బొమ్మకు అర్థము చెప్పెను, వ్రాయసకాడు వ్రాసికొనెను. తీర్పు రాకమునుపే, కావలిలో నుండగా, ఒక మతిస్థిమితము లేనివాడు అతనిని గొడ్డలితో చంపెను. డోలు డెన్మార్కు రాజుగారి వస్తుసంచయమునకు పోయినది. మూడువందల ముప్పది యేండ్ల తరువాత, 2022లో, దానిపై హక్కు సామీలకు తిరిగి లభించినది.

ఇందు నేను గమనించిన దొకటి గలదు. ఆ 91 మందికి 2011లో వార్దో అను ఊర స్మారక మందిరము కట్టిరి. అందు ఒక్కొక్కరి పేరు, ఒక్కొక్కరి కథ వ్రాసియున్నది. ఆ కథలెక్కడివి? నాటి వ్రాయసకాని పుస్తకములలోనివే. వారిని శిక్షించుటకు వ్రాసిన పుస్తకమే నేడు వారి పక్షమున సాక్ష్యము పలుకుచున్నది. మృచ్ఛకటికమున అధికరణికుని ప్రక్కనే కాయస్థుడు కూర్చుండియుండగా నిరపరాధియైన చారుదత్తునికి శిక్ష పడును. నాటకమున సత్యము అయిదారు ఘడియలలో బయల్పడును. లోకమున మూడు శతాబ్దములు పట్టవచ్చును. ఐనను ఎవడో ఉన్నదున్నట్లు వ్రాసి పెట్టనిచో ఎన్నటికిని బయల్పడదు. వ్రాతలోని కీడును, వ్రాతలోని మేలును ఇక్కడ ఒక్కచోటనే యున్నవి.

1751లో నార్వే స్వీడను దేశముల నడుమ సరిహద్దు గీచినప్పుడు, సామీలు తమ మందలతో ఆ గీత దాటి పోవచ్చుననియు, తమలో తమకు వచ్చు చిన్న తగవులను తమ పెద్దల చేతనే తీర్చుకొనవచ్చుననియు ఒడంబడికకు అనుబంధము చేర్చిరి. అది మంచి కాలము. తరువాతి శతాబ్దము అంత మంచిది కాదు. 1852లో కౌతొకెయ్నో అను సామీల యూర తిరుగుబాటు చెలరేగి, ఊరి అధికారియు వర్తకుడును హతులైరి. 1854లో ఇరువురు సామీలకు శిరచ్ఛేదము జరిగినది. పదునెనిమిదేండ్ల బాలుడు లార్స్ హెత్తాకును మరణశిక్షయే విధించిరి గాని, వయసు చూచి యావజ్జీవ కారాగారముగా మార్చిరి. ఆ బాలుడు రాజధానిలోని అకెర్స్‌హుస్ కోటలో బందీగా నుండి, ఆచార్య ఫ్రీస్ తోడుగా బైబిలు పాతనిబంధనను సామీ భాషలోనికి మార్చుటకు పూనుకొనెను. 1867లో విడుదల పొందెను. సామీ భాషలో సంపూర్ణమైన బైబిలు 1895లో వెలువడినది. తన భాష తెలియని న్యాయస్థానముచేత శిక్షింపబడినవాడు, ఆ భాషకు ఒక మహాగ్రంథము నిచ్చిపోయెను. గ్రంథాలయ సభలో ఇతనిని తలచుట న్యాయమని తోచి చెప్పితిని.

ఆ తరువాత నార్వే భాషయే చదువు, నార్వే భాషయే వ్యవహారము అను పట్టుదల పెరిగెను. 1902లో ఫిన్‌మార్క్ ప్రభుత్వ భూములను గూర్చిన శాసనము వచ్చెను. దాని ననుసరించి, నార్వే భాష మాటలాడ, చదువ, వ్రాయ నేర్చినవారికే ఆ భూమి అమ్ముటకు వీలు. భాష రానివానికి తాతల నేలపైనను హక్కు లేకపోయెను. 1944లో యుద్ధకాలమున జర్మను సైన్యములు వెనుదిరుగుచు ఆ సీమను తగులబెట్టినవి. ఇండ్లు పోయినవి, కాగితములు పోయినవి. జనులు మరల వచ్చి కట్టుకొనిరి.

మార్పు మెల్లగా వచ్చినది. ఆల్టా నదిపై ఆనకట్ట కట్టరాదని 1979 మొదలు 1981 వరకు గొప్ప ఆందోళన జరిగెను. ఆనకట్ట ఆగలేదు గాని, సామీల మాట దేశమంతయు విన్నది. 1987లో సామీ శాసనము వచ్చెను. 1989లో కారాషోక్ అను ఊర సామీల ప్రజాసభను రాజు ప్రారంభించెను. 1992 నుండి సామీ మండలములలో న్యాయస్థానముల ఎదుట తమ భాషలో పలుకు హక్కు అమలునకు వచ్చెను. 1997లో రాజు సామీలను క్షమాపణ వేడెను.

2004లో తానా వంతెన యొద్ద ఒక క్రొత్త న్యాయస్థానము వెలసినది. లోఫిన్‌మార్క్ న్యాయస్థానమని దాని పేరు. అయిదు మండలములు దాని యధీనము. వానిలో కౌతొకెయ్నో ఒక్కటియే సుమారు 9,700 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య సుమారు మూడువేలు. అచ్చట సామీయు నార్వేజియనును రెండును న్యాయస్థానపు భాషలే. నేరవిచారణలలో న్యాయాధిపతితోపాటు ఇద్దరు సామాన్య పౌరులు కూర్చుందురు. వారి మాటకును సమానమైన విలువయే. 1887 నాటి శాసనముతో దేశమంతట ఏర్పడిన యీ పద్ధతివలన, వ్రాయసకాడు లాగికొన్న పీఠములో కొంత భాగము ఊరివారికి తిరిగి దక్కినది.

అచ్చట జరిగిన ఒక వ్యాజ్యమును చెప్పి యీ భాగము ముగించెదను. మేత చాలదని ప్రభుత్వము ఒక యువకుని మందను 75 తలలకు తగ్గింపుమనెను. అంతటితో తన జీవనము సాగదని అతడు ఈ న్యాయస్థానమున దావా వేసెను. 2016లో విచారణ జరుగుచుండగా అతని సోదరి, చిత్రకారిణి మారెత్ ఆన్నె సారా, రెండువందల దుప్పి తలలను తెచ్చి న్యాయస్థానము ముంగిట కుప్ప పోసెను. యువకుడు అచ్చట గెలిచెను. పై న్యాయస్థానమునను గెలిచెను. 2017 డిసెంబరులో రాజధానిలోని ఉన్నత న్యాయస్థానమున ఓడెను.

అయ్యా, మరి స్వభాషలో న్యాయము వచ్చి ఏమి లాభమని మీరడుగవచ్చును. నేనును అడుగుకొంటిని. నాకు తోచినది ఇది. స్వభాషలో నున్నంత మాత్రమున ప్రతి వ్యాజ్యము గెలువదు. కాని ఓడినవాడు తానేల ఓడెనో ఎరుగును. ఎరిగినవాడు మరల వాదింపగలడు. 1692 నాటి వృద్ధునికి ఆ అవకాశము లేదు. ఈ యువకునికి గలదు. 2021లో దేశమున 60 పల్లె, పట్టణ న్యాయస్థానములను 23గా కలిపివేసినప్పుడు తానా న్యాయస్థానమును తూర్పు పొరుగుదానితో కలిపిరి. పేరు మారినది గాని, తానాలో కూర్చుండుట, సామీ భాషలో వినుట మానలేదు.

ఇక నా కోపము ఎట్లు పోయినదో చెప్పెదనంటిని. ముప్పది యేండ్ల క్రిందటి మాట. మా తండ్రిగారి పేరునుబట్టి కొందరు నాచేత దస్తావేజులు వ్రాయించుకొనుచుండిరి. ఒక అవ్వ తన రెండెకరములలో కొంత అమ్మజూపినది. నేను వ్రాసితిని. చెక్కుబందీలో తూర్పు హద్దు "గట్టు" అని వ్రాయవలసిన చోట "బాట" అని వ్రాసితిని. గట్టుకును బాటకును నడుమ అయిదు సెంట్ల నేల, దానిలో రెండు తాడిచెట్లు. వ్రాసినది గబగబ చదివి వినిపించితిని. అవ్వ తల యూపి వేలిముద్ర వేసినది. ఏడాది గడచిన పిదప కొన్నవారు చెట్లు కొట్టబోగా తగవైనది. కాగితము వారి పక్షమున నున్నది. అవ్వ నన్ను తిట్టలేదు. మా యరుగుమీద కూర్చుండి ఒక్క మాట అన్నది: "నువ్వు చదివింది నాకు వినబడింది బాబూ, తెలియలా. తెలియలేదని చెప్పడానికి సిగ్గేసింది." నేను కొన్నవారి కాళ్లు పట్టుకొన్నంత పని చేసితిని, చెట్లు దక్కినవి, నేల దక్కలేదు. ఆనాటినుండి దస్తావేజు వ్రాయుట మానితిని. యాజ్ఞవల్క్యునిపై కోపమును పోయినది.

ఆ తింగ్ సభలో చదువుట యేల పెట్టిరో నాకు ఆ అవ్వ నేర్పినది. వినబడుట వేరు, తెలియుట వేరు. తెలియలేదని సిగ్గుపడక చెప్పగల చోటు ఒకటి ఊర నుండవలెను. కచేరి అట్టి చోటు కాదు, బ్యాంకు కాదు, న్యాయస్థానమును ఇంకను కాలేదు. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగవులో తెలుగున తీర్పు వెలువరించినదని విని సంతోషించితిని. ఆ దారి పొడవైనది. అంతవరకు ఊరికి మిగిలిన చోటు ఈ గ్రంథాలయమే.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమునకు నా మనవి యొకటి. ప్రతి ఆదివారము ఉదయము చదువుగదిలో ఒక బల్లను ప్రత్యేకముగా కేటాయింపుడు. నోటీసు గాని, దస్తావేజు గాని, అప్పు పత్రము గాని తెచ్చినవారికి దానిని బిగ్గరగా చదివి, మనభాషలో విప్పి చెప్పుదము. విన్నవారు తమ మాటలలో తిరిగి చెప్పినగాని వేలిముద్ర వేయవద్దందము. రహస్యమైనది రహస్యముగనే ఉంచుదము. రుసుము లేదు. మొదటి కుర్చీలో నేను కూర్చుండెదను. చదువుకొన్న యువకులు, ఆడపడుచులు రెండవ కుర్చీ, మూడవ కుర్చీ నింపుదురుగాక. కార్యదర్శిగారు అంగీకరింతురేని వచ్చు ఆదివారముననే ఆరంభింతము.

ఆ అవ్వ యిప్పుడు లేదు. ఆమె మనుమరాలు ఈ సభలో వెనుక వరుసలో నున్నది. ఈ గ్రంథాలయమున చందాదారు. ఆమెకు చదువ వచ్చును. నేను వ్రాసిన దానిలో తప్పు పట్టగలదు. ఒక వ్రాయసకాని కొడుకుగా నాకు అంతకంటె కావలసినది లేదు.